మోటారు చక్రానికి సన్న స్పోకే గట్టిది

◆ హబ్బులో మోటారున్న సైకిలు నిన్న మొన్నటిది అనుకుంటాం. వెనక చక్రం నడిమధ్యన మోటారు పెట్టిన సైకిలుకు అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895 డిసెంబరు 31నే పేటెంటు పొందాడు.

◆ స్పోకు గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 12 గేజి సుమారు 2.6 మిల్లీమీటర్లు, 13 గేజి 2.3, 14 గేజి 2.

◆ మోటారు బరువు చూసి చాలామంది 12 గేజియే కావాలంటారు. చిక్కంతా ఇక్కడే. చక్రం తిరుగుతున్నప్పుడు నేలవైపు వచ్చిన స్పోకు కాస్త వదులవుతుంది, పైకి పోగానే మళ్లీ బిగుస్తుంది. బాగా బిగించిన సన్న స్పోకు ముందే సాగి ఉంటుంది కాబట్టి గుంతలో పడ్డా దాని బిగువు పూర్తిగా పోదు. లావు స్పోకును అంత సాగదీయాలంటే బిగువు బాగా పెంచాలి, దాన్ని తట్టుకోలేక రిమ్ము నిప్పిల్ రంధ్రం దగ్గర పగులుతుంది. రిమ్ము కోసం బిగువు తగ్గిస్తే స్పోకు ప్రతి గుంతకూ వదులై, చివరికి మెడ వంపు దగ్గర విరుగుతుంది. జగిత్యాల నుంచి కోరుట్ల మీదుగా మెట్‌పల్లి పోయే 63వ జాతీయ రహదారిపై గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే, 26 సైజు చక్రం గంటలో దాదాపు 12 వేల సార్లు తిరుగుతుంది. ప్రతి స్పోకూ అన్నిసార్లు వదులై బిగుస్తుందన్నమాట. సిరిసిల్లలో మరమగ్గం నడిపేవారికి ఈ సంగతి చేతికే తెలుసు: పడుగు బిగువు సమంగా లేకపోతే పోగులు తెగుతూనే ఉంటాయి.

◆ నన్నడిగితే హబ్ మోటారుకు 13-14 స్పోకు మేలు. మెడ దగ్గర 2.3 మిల్లీమీటర్లు, మర దగ్గర 2. మోటారు అంచు రంధ్రాలు లావు స్పోకుకని తొలిచి ఉంటే, స్పోకు తల కింద చిన్న ఇత్తడి వాషరు వేస్తే ఆట పోతుంది.

◆ తాతల నాటి 28 సైజు సైకిలుకు ముందు రిమ్ములో 32 రంధ్రాలు, వెనక రిమ్ములో 40. హబ్ మోటార్లకు ఎక్కువగా ఉండేవి 36. అందుకే పాత రిమ్ముకే మోటారు అల్లించుకుందామంటే కుదరదు. కొత్తది కొనేటప్పుడు డబుల్ వాల్ రిమ్మే తీసుకోండి, ఆ కాస్త ధర దగ్గర వెనకాడొద్దు.

◆ సైజు పేరు ఒకటే అయినా రిమ్ము ఒకటే అనుకోవద్దు. పాత 28 సైజులో టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు, కొత్త రకం 28లో 622. 26లోనూ 590, 559 లాంటి వేర్వేరు కొలతలున్నాయి. టైరు పక్కన అచ్చయిన ఈ మూడంకెల సంఖ్య చూసి కొనడం క్షేమం.

◆ స్పోకులను ఒకదానిమీదుగా ఒకటి దాటించి అల్లే పద్ధతికి ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంటు తీసుకున్నాడు. మామూలు చక్రంలో ఒక్కో స్పోకు మూడింటిని దాటుతుంది. చిన్న చక్రంలో పెద్ద మోటారు పెట్టి అలాగే అల్లితే స్పోకు రిమ్ములోకి మరీ ఏటవాలుగా దిగి, నిప్పిల్ దగ్గర వంగుతుంది. అక్కడ ఒక్క దాటు చాలు.

◆ ఔట్ తీసేటప్పుడు ఒక సంగతి గమనించండి. నిప్పిల్ తిప్పుతుంటే సన్న స్పోకు కూడా దానితోపాటే మెలి తిరుగుతుంది. స్పోకు మీద పెన్నుతో చిన్న గీత గీస్తే ఆ మెలి కంటికి కనబడుతుంది. కావలసినదానికన్నా కొంచెం ఎక్కువ తిప్పి, గీత మళ్లీ మొదటి చోటికి వచ్చేదాకా వెనక్కి తిప్పాలి. అలా చేయకపోతే ఆ మెలి దారిలో విడిపోయి చక్రం మళ్లీ ఔట్ అవుతుంది.

◆ మోటారు చక్రాన్ని ముందుకు తోస్తే, ఇరుసు వెనక్కి తిరగజూస్తుంది. నట్టు ఒక్కటే దాన్ని ఆపలేదు. ఇరుసు చదును భాగాన్ని పట్టుకుని ఫ్రేముకు బిగిసే టార్క్ ఆర్మ్ పట్టీ లేకపోతే, ఇరుసు గిర్రున తిరిగి మోటారు తీగలు తెగుతాయి, చక్రమే ఊడి రావచ్చు. కొన్న రోజే ఆ పట్టీ ఉందో లేదో అడిగి చూసుకోండి.