ఐదు కిలోమీటర్లు నడిచారు సరే, పేషెంటుకి చేరిందెంత?

ఫజర్ నమాజ్ అయ్యీ కాకముందే స్టేడియం గేటు దగ్గర గుంపు కనిపిస్తుంది. ఒకే రంగు టీషర్టులు, ఛాతీ మీద నంబర్లు, స్కూలు పిల్లలు, బుర్ఖాల్లో నడకకు వచ్చిన తల్లులు. కర్నూలు, కడప, నిజామాబాద్ లాంటి ఊళ్లలో ఇప్పుడు చారిటీ రన్, చారిటీ వాక్ అంటే వింతేమీ కాదు. బ్యానర్ మీద తలసేమియా పిల్లల పేరో, డయాలిసిస్ పేషెంట్ల పేరో ఉంటుంది. రెండు మూడు వందలు కట్టి పేరు రాయించుకుంటారు. 'సదఖా కదా' అనుకుంటారు.

అందులో సదఖా ఎంత, టీషర్టు ఎంత అన్నదే అసలు లెక్క.

ఉదాహరణకి మనిషికి 300 చొప్పున 400 మంది కట్టారనుకుందాం. 1,20,000 రూపాయలు వచ్చినట్టు. టీషర్టుకి 140, మెడల్‌కి 50, నీళ్లు, అరటిపళ్లు, టిఫిన్‌కి 45, స్టేజీ, మైకు, బ్యానర్లు, అంబులెన్సు కలిపి తలకి 40 అనుకుంటే, ఖర్చే 275 అవుతుంది. మిగిలింది మనిషికి 25. అంటే మొత్తం 10,000. ఎవరూ దొంగతనం చేయలేదు, అయినా పేషెంటుకి చేరేది అంతే. అదే టీషర్టుల ఖర్చు ఏ బట్టల షాపు యజమానో పెట్టుకుంటే ఇంకో 56,000 మిగిలి, సాయం 66,000 అవుతుంది. డయాలిసిస్‌కి వారానికి రెండు మూడు సార్లు తిరగాల్సిన ఇంటికి ఈ తేడా చిన్నది కాదు. చికిత్స ఆరోగ్యశ్రీలో జరిగినా రానుపోను ఛార్జీలు, తోడు వెళ్లిన మనిషి పోగొట్టుకున్న కూలి ఆ ఇంటి మీదే పడతాయి.

'జకాత్‌లోంచి ఫీజు కట్టొచ్చా?' అని చాలామంది అడుగుతుంటారు. ఖురాన్ జకాత్‌కి ఎనిమిది రకాల హక్కుదారుల్ని చెప్పింది. ఇక్కడ ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో ఆ సొమ్ము అర్హుడి చేతికి అతని సొంతంగా అందాలి. మైకు అద్దెకీ మెడల్‌కీ పోయే డబ్బు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి ఫీజు వేరు, జకాత్ వేరు. నిర్వాహకులు జకాత్ కూడా తీసుకుంటుంటే దానికి వేరే ఖాతా ఉందా అని అడగాలి. అనుమానం ఉంటే ఊళ్లో ముఫ్తీ సాహెబ్‌ని అడిగితే సరిపోతుంది.

అసలు ఫీజే లేకుండా జరిపే పద్ధతీ ఉంది. కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రాడు క్యాన్సర్‌తో ఒక కాలు పోగొట్టుకుని, 1980లో కృత్రిమ కాలుతో 143 రోజులు పరుగెత్తాడు. 5,373 కిలోమీటర్లు. దేశంలో ఒక్కొక్కరి నుంచి ఒక్క డాలర్ అతని లక్ష్యం. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకడంతో థండర్ బే అనే ఊరి దగ్గర ఆగిపోయాడు, మరుసటి ఏడాది చనిపోయాడు. కానీ 1981 ఫిబ్రవరికే 2.4 కోట్ల డాలర్లు దాటాయి. అతని పేరుతో అదే ఏడాది మొదలైన పరుగుకి నేటికీ ఎంట్రీ ఫీజు లేదు, పోటీ లేదు. వచ్చినవాళ్లు తెలిసినవాళ్ల దగ్గర విరాళం పోగుచేసి తెస్తారు.

ఇది ఇక్కడి ఇళ్లకి బాగా సరిపోయే పని. ఐదో తరగతి పిల్లాడు 'కిలోమీటరుకి పది రూపాయలు ఇస్తావా?' అని మామూనీ, ఖాలానీ, పక్కింటి షాపాయననీ అడిగి కాగితం మీద రాయించుకుంటాడు. ఐదు కిలోమీటర్లు నడిస్తే ఒక్కొక్కరి నుంచి యాభై. పదిమంది ఒప్పుకుంటే 500, టీషర్టు ఖర్చు లేకుండా. పిల్లలు అడిగితే పెద్దలు కాదనరు, అది వేరే విషయం!

జరిపేవాళ్లకి రోడ్డు మీద నడవాలంటే పోలీసు అనుమతి తప్పనిసరి. ఆడవాళ్లకి వేరే బ్యాచ్, వేరే టైము పెడితే ఇంట్లో ఆగిపోయే వాళ్లు కూడా వస్తారు. ఎండాకాలంలో ఏడున్నరకల్లా ముగించాలి.

పన్ను మినహాయింపు దొరుకుతుందని చెప్పి ఫీజు తీసుకుంటే జాగ్రత్త. ఆ మినహాయింపు విరాళానికే, అదీ సంస్థకి ఆ గుర్తింపు ఉంటేనే, కట్టేవాళ్లు పాత పన్ను విధానంలో ఉంటేనే. 2,000 దాటిన విరాళం నగదుగా ఇస్తే మినహాయింపు రాదు. టీషర్టుకీ టిఫిన్‌కీ కట్టిన ఫీజు రసీదుని విరాళం రసీదు అనుకోకూడదు.

పేరు రాయించుకునే ముందు రెండు మాటలు అడిగితే చాలు: ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు, సొమ్ము ఏ ఆసుపత్రికి లేదా ఏ ఇంటికి వెళ్తుంది? పరుగు అయ్యాక నెలలోపు వసూలు, ఖర్చు, ఇచ్చిన మొత్తం మసీదు నోటీసు బోర్డు మీదో వాట్సాప్ గ్రూపులోనో పెట్టమనాలి. సాయం అందుకున్న కుటుంబం ఫొటో మాత్రం పెట్టనక్కర్లేదు, ఆసుపత్రి రసీదు పెడితే సరిపోతుంది.