హోమ్ పేజీ తెరుచుకుంటుంది, లోపలి పేజీలకే 404 ఎందుకు?

సొంత సర్వర్‌లో వర్డ్‌ప్రెస్ పెట్టుకున్నవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. హోమ్ పేజీ చక్కగా వస్తుంది, ఏ వ్యాసం నొక్కినా 404. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. లోపం చాలాసార్లు యూఆర్‌ఎల్ రీరైటింగ్ దగ్గర ఉంటుంది.

అపోహ: అడ్రసులో కనిపించే ప్రతి పేజీకీ సర్వర్‌లో ఒక ఫైలు ఉంటుంది.

వాస్తవం: వర్డ్‌ప్రెస్ వ్యాసాలు ఉండేది డేటాబేస్‌లో. అడిగిన పేరుతో ఫైలో ఫోల్డరో ఉంటే సర్వర్ దాన్నే ఇస్తుంది, లేకపోతే పనిని ఇండెక్స్.పీహెచ్‌పీకి అప్పగిస్తుంది. రీరైట్ నియమం చేసేది ఇంతే. అప్పుడు బ్రౌజర్‌లో అడ్రసు మారదు. మారిందంటే అది రీడైరెక్ట్. 301 రీడైరెక్ట్‌ను బ్రౌజర్ గుర్తుపెట్టుకుంటుంది, నియమం సరిదిద్దాక కూడా పాత దారే పడుతుంది. అందుకే పరీక్షించేటప్పుడు తాత్కాలిక రీడైరెక్ట్ 302 వాడాలి.

అపోహ: అపాచీ సర్వర్‌కు రీరైట్ నియమాలు చెప్పే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు పెడితే చాలు.

వాస్తవం: ఆ నియమాలను నడిపేది రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996లో రాసిన మాడ్ రీరైట్ మాడ్యూల్, అది ఆన్‌లో ఉండాలి. పైగా ఆ ఫైలును చదవాలా వద్దా అని చెప్పే అలౌ ఓవర్‌రైడ్ విలువ అపాచీ 2.4లో మొదట 'నన్' అనే ఉంటుంది. దాన్ని మార్చకపోతే ఆ ఫైలులో ఎన్ని నియమాలు రాసినా అపాచీ పట్టించుకోదు.

అపోహ: అడ్రసులో పీహెచ్‌పీ కనిపించకపోతే సైటు భద్రం.

వాస్తవం: నడిచేది అదే ప్రోగ్రాం. లొసుగు ఉంటే అదీ అక్కడే ఉంటుంది.

అపోహ: అపాచీ నుంచి ఎన్‌జింక్స్ అనే మరో సర్వర్‌కు మారినా పాత డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైలు పనిచేస్తుంది.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే. ఎన్‌జింక్స్ ఆ ఫైలును అసలు చదవదు. పేజీలు రాకపోతే వెంటనే తెలిసిపోతుంది, సర్వర్ కాన్ఫిగరేషన్‌లో ట్రై ఫైల్స్ వరుస ఒకటి చేర్చి సరిచేస్తారు. కానీ ఆ పాత ఫైలు దారి చూపడమే కాదు, కాపలా కూడా కాస్తుంది. ఉదాహరణకు, సొంత సర్వర్‌లో ఫైళ్లు దాచుకునే సాఫ్ట్‌వేర్ నెక్స్ట్‌క్లౌడ్ తన డేటా ఫోల్డరును బయటివాళ్లకు అందకుండా అపాచీలో అలాంటి ఫైలుతోనే మూసిపెడుతుంది. ఎన్‌జింక్స్‌కు మారగానే ఆ తలుపు తెరుచుకుంటుంది, పైకి మాత్రం సైటు మామూలుగానే నడుస్తుంది. ఇంటిల్లిపాది ఫొటోలూ, ఆధార్ కాపీలూ దాచుకునే చోటు అది! వీలైతే ఆ ఫోల్డరును వెబ్ ఫోల్డరు బయటకు తరలించాలి. లేదంటే ఎన్‌జింక్స్ కాన్ఫిగరేషన్‌లోనే దాన్ని మూసే నియమం రాయాలి. ఆ తర్వాత లాగిన్ కాని బ్రౌజర్‌లో డేటా ఫోల్డరులోని ఒక ఫైలు అడ్రసు కొట్టి చూడండి. 403 గానీ 404 గానీ రావాలి.