కెమెరా ఎరుగని ఫొటో



న్యూజెర్సీ అనగానే మనలో కొందరికి అక్కడున్న కొడుకో కూతురో గుర్తుకు వస్తారు. ఆ రాష్ట్రములోని వెస్ట్‌ఫీల్డ్ అనే ఊరి హైస్కూలులో 2023 అక్టోబరులో బయటపడిన సంగతి మొదట చదివినప్పుడు, ఇది మన ఇండ్లకు దూరమైన విషయమనుకున్నాము. ఇప్పుడు అలా అనుకోవడము లేదు.

ఆ బడిలో ఆడపిల్లల మామూలు ఫొటోలు తీసుకొని, కృత్రిమ మేధతో పనిచేసే కంప్యూటరు సాధనముతో వాటిని నగ్నచిత్రాలుగా మార్చారు. చేసినది తోటి విద్యార్థులేనని ఆరోపణ వచ్చింది. ఆ పిల్లలు అటువంటి ఫొటో కోసము ఏ కెమెరా ముందూ నిలబడలేదు. అయినా బొమ్మలోని ముఖము వాళ్లదే. "అది నువ్వు కాదులే తల్లీ" అని ఇంట్లో ఎంత చెప్పినా, రేపు క్లాసులో ఎవరు చూశారో, ఎవరు చూడలేదో తెలియక తల దించుకొని కూర్చోవలసినది ఆ బిడ్డే గదా!

అప్పటికి ఆ రాష్ట్రములో ఇటువంటి బొమ్మల కొరకే చేసిన చట్టము లేదు. బాధితులలో ఒకతెకు 14 ఏళ్లు. ఆమె, ఆమె తల్లి ఊరకుండక చట్టసభల వారిని కలిసి అడిగారు. 2025 ఏప్రిల్ 2న అప్పటి గవర్నరు ఫిల్ మర్ఫీ కొత్త చట్టము మీద సంతకము చేశారు. నేరపు ఉద్దేశముతో ఇటువంటి మోసపు చిత్రాలు తయారుచేసినా, పంచినా 5 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. బాధితులు దావా కూడ వేయవచ్చు.

ఇంత ఆలస్యమెందుకైందని మాకూ అనిపించింది. 1996లో అమెరికా కేంద్ర ప్రభుత్వము కంప్యూటరు కల్పించిన పిల్లల అశ్లీల చిత్రాలను నిషేధించింది. 2002లో ఆ దేశపు సుప్రీంకోర్టు అందులోని కొన్ని భాగాలను కొట్టివేసింది. నిజమైన బిడ్డ ఎవరూ లేని బొమ్మలో గాయపడినవారెవరు అన్నది ఆ తీర్పులోని ప్రశ్న. నిజమైన బిడ్డ ఫొటోను మార్చి చేసే బొమ్మల సంగతి మాత్రము ఆ తీర్పు ముట్టుకోలేదు.

ఆనాటికి ఆ ప్రశ్న సబబుగానే తోచి ఉండవచ్చు. అయితే ఈ యంత్రాలు శూన్యములోనుండి బొమ్మ గీయవు; కోట్లాది ఫొటోలు చూచి నేర్చుకుంటాయి. అలా నేర్పడానికి వాడిన ఒక పెద్ద చిత్రసంచయములో, హింసకు గురైన నిజమైన పిల్లల చిత్రాలు వెయ్యికి పైగా ఉన్నవని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 2023 డిసెంబరులో తేల్చారు. బిడ్డ లేదనుకున్న చోట కూడ బిడ్డ ఉన్నదన్నమాట. కాలిఫోర్నియా 2025 జనవరి 1 నుండి కృత్రిమ మేధతో చేసిన అటువంటి చిత్రాలను కూడ పిల్లల అశ్లీల చిత్రాల చట్టము క్రిందికే తెచ్చింది. 2025 మే నెలలో అమెరికా అంతటికీ వర్తించే చట్టము వచ్చింది. బాధితులు కోరిన 48 గంటలలో వెబ్‌సైట్లు ఆ బొమ్మ తీసివేయాలన్నది అందులోని నియమము.

మన దేశములో ఐటీ చట్టము 67బి సెక్షను 2009 నుండి అమలులో ఉంది. 2019లో సవరించిన పోక్సో చట్టము కంప్యూటరు కల్పించిన, మార్చిన చిత్రాలను కూడ పేర్కొన్నది. మన వద్ద కొరత చట్టము కాదు. పరువు పోతుందని పిల్లనే బడి మాన్పించే ఇండ్లున్నవి. అదే మాకు ఎక్కువ భయము.

అటువంటి బొమ్మ మీ కంటబడితే, సాక్ష్యమనుకొని కూడ ఇంకొకరికి పంపకండి, పంపడమే నేరము. ఎక్కడ, ఎప్పుడు కనబడినదో వ్రాసిపెట్టుకొని 1098కు గాని, పోలీసులకు గాని చెప్పండి. 18 ఏళ్లలోపు వారి కొరకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. బొమ్మను ఎవరికీ పంపనక్కరలేదు. మన ఫోనులోనే దానికి వేలిముద్ర వంటి ఒక అంకె తయారవుతుంది. ఆ అంకెను బట్టి, ఈ సేవలో చేరిన సంస్థలు తమ వద్ద ఉన్న ప్రతులను వెదకి తీసివేస్తాయి.

మా పని కూడ చెప్పాలి. ఇన్నాళ్లు పిల్లల పుట్టినరోజు ఫొటోలు ఊరి పేరు, బడి పేరుతో సహా ముద్రించాము. వచ్చే సంచిక నుండి ముద్దు పేరు మాత్రమే వేస్తాము. ఫొటో వెనుక మిగిలిన వివరాలు వ్రాయకండి.