కప్పు అడుగున ఏముంది?

“రాజుల కప్పులు ఏరుకునే అభ్యుదయవాదివి నువ్వొక్కడివే!” తుర్కపల్లిలో మా ఇంటి అలమార చూసి ఒక కవిమిత్రుడు అన్న మాట ఇది. ఆక్షేపణ సమంజసమైనదే. ఉత్సవాల గుర్తుగా అచ్చువేసిన పాత పింగాణీని పోగుచేయడం కలవారి సరదా మాత్రమేనా? సాహిత్య విమర్శకు దానితో పనేమిటి?

నా దగ్గరున్న ఒక కప్పు జుమ్మెరాత్ బజారులో కొన్నది. దానిమీద ఎనిమిదో ఎడ్వర్డు బొమ్మ, 1937 మే 12న పట్టాభిషేకం అన్న రాత. ఆ పట్టాభిషేకం జరగనేలేదు. 1936 డిసెంబరులోనే ఎడ్వర్డు గద్దె దిగాడు. అదే తేదీన కిరీటం పెట్టుకున్నవాడు అతని తమ్ముడు ఆరో జార్జి. కర్మాగారాలు మాత్రం ముందే సరుకు సిద్ధం చేశాయి. చరిత్ర జరగకముందే దాని జ్ఞాపకం అంగట్లోకి వచ్చిందన్నమాట! అలాంటి కప్పులు లెక్కకు మించి తయారైనందువల్ల ఇది అంత అపురూపమైనదీ కాదు.

ఇంత విస్తారంగా తయారు చేయడం ఎలా సాధ్యమైంది? పద్దెనిమిదో శతాబ్దం నడుమ ఇంగ్లండులో ఒక పద్ధతి వచ్చింది. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, రంగు పట్టించి, పల్చని కాగితం మీదికి దించి, ఆ కాగితాన్ని పాత్రకు అద్దుతారు. పుస్తకానికి అచ్చుయంత్రం చేసిన మేలే పింగాణీకి ఈ అద్దకం చేసింది. రాజభక్తి సామాన్యుడి ఇంటిదాకా చేరింది. అయితే పంతొమ్మిదో శతాబ్దపు స్టాఫర్డ్‌షైర్ బట్టీల్లో పసిపిల్లలు అచ్చులు మోశారు. మెరుగుపూతలోని సీసం పనివాళ్ల ఒంట్లో విషమైంది. కప్పు ముందు రాజు ముఖం, అడుగున యజమాని ముద్ర. చేసిన చేతుల జాడ ఎక్కడా లేదు.

అదే 1937లో హైదరాబాదులో ఏడో నిజాం రజతోత్సవం జరిగింది. అప్పటి కానుకలు పురానీ హవేలీ మ్యూజియంలో చూడవచ్చు. పనితనం గొప్పదే. కాని ఆ పాతికేళ్లు పల్లెల్లో వెట్టి చేసినవాళ్లకు ఎలా గడిచాయో ఆ అద్దాల బీరువాలు చెప్పవు.

మరి రాజు బొమ్మ తీసి నినాదం రాస్తే సరిపోతుందా? 1918లో పెట్రోగ్రాడ్‌లోని జార్ పింగాణీ కర్మాగారం సోవియట్ ప్రభుత్వపరమైంది. బొమ్మలు వేయని తెల్ల పళ్లాలు అక్కడ మిగిలి ఉన్నాయి. అడుగున జార్ ముద్ర అలాగే ఉండగా, పైన చిత్రకారులు సుత్తీ కొడవలీ, విప్లవ నినాదాలూ చిత్రించారు. అద్భుతమైన కళాఖండాలవి. కాని ఆకలిగొన్న శ్రామికుడి భోజనానికి అవి అందలేదు. ప్రదర్శనలకూ విదేశీ సేకర్తలకూ చేరినవే ఎక్కువ.

మన సాహిత్యంలోనూ ఈ పళ్లాలు లేకపోలేదు. పైన ఎర్రటి నినాదం, అడుగున పాత భావాల ముద్ర. శ్రామికుడి గురించి రాసిన కథలో శ్రామికుడి పని కనిపించదు, మాట వినిపించదు. వస్తువు, రూపం అంటూ ఏళ్లతరబడి చర్చించుకునే మనం కథను తిరగేసి అడుగు చూడటం మరిచిపోతున్నాం. ఎవరి జ్ఞాపకం? ఎవరి శ్రమ? ఎవరి ఉపయోగం? యువ రచయితలు తమ రచనను అడగవలసిన ప్రశ్నలు ఇవే.

మా ఇంట్లో ఒక స్టీలు పళ్లెం ఉంది. రాళ్లు కొట్టిన కూలిడబ్బుతో మా మేనమామ మా అమ్మ పెళ్లికి చదివించినది. అంచున చుక్కలు చుక్కలుగా ఆయన పేరు, పెళ్లి తేదీ కొట్టించి ఉన్నాయి. అది అలమారలో లేదు, వంటింట్లో ఉంది. ఆరోజు మిత్రుడికి అందులోనే అన్నం పెట్టాం.