ఇంటిల్లిపాదీ దించాల్సిన బరువు

2025 జులైలో కన్యాకుమారి జిల్లా కొలచెల్‌లో పదిహేడేళ్ల కుర్రాడు చనిపోయాడు. కాలేజీలో చేరేలోపు సన్నబడాలన్నది అతని కోరిక. యూట్యూబ్ వీడియో చూసి, సుమారు మూడు నెలల పాటు పండ్లరసాలతోనే గడిపాడని ఇంట్లోవాళ్లు చెప్పారు. అదే ఏడాది మార్చిలో కేరళలోని కన్నూర్ జిల్లాలో పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఇలాగే పోయింది. లావైపోతానన్న భయంతో తిండి తగ్గించుకుంటూ చివరికి నీళ్ల మీద బతకడానికి చూసింది. ఇద్దరి చేతిలోనూ ఫోనుంది.

బందరు పిల్లల ఫోన్లలోకీ అవే వీడియోలు వస్తున్నాయి. ‘పది రోజుల్లో పది కిలోలు’, ‘పొట్ట మాయం చేసే కషాయం’, ‘అన్నం మానేస్తే చాలు’. పదో తరగతి పరీక్షలవగానే, ఇంటర్‌లో చేరబోయే ముందు, దసరా సెలవులకు ఊరొచ్చినప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా వీటిని మొదలుపెట్టే పిల్లలు గుడివాడలోనూ ఉంటారు, అవనిగడ్డలోనూ ఉంటారు. వాళ్లను ఆ పనికి తోసేది చాలాసార్లు బంధువుల మాటే. పెళ్లిలో ఎదురైన పిన్ని “ఏమే, బాగా ఒళ్లు చేశావే!” అంటుంది. మావయ్య నలుగురిలో బుగ్గ గిల్లి నవ్వుతాడు. బడిలో పేరు పోయి ‘బోండా’ మిగులుతుంది. అన్నవాళ్లు ఆ సాయంత్రానికే మరిచిపోతారు. పడ్డ పిల్ల మాత్రం రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోతుంది.

బరువు సమస్య లేదని కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం, పురుషుల్లో 31.1 శాతం ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద చూస్తే అవి 24, 22.9 శాతాలే. ప్రపంచంలో 5–19 ఏళ్ల పిల్లల్లో తక్కువ బరువున్నవాళ్లను ఊబకాయులు మొదటిసారిగా మించిపోయారని యునిసెఫ్ 2025 సెప్టెంబరులో ప్రకటించింది. మన రాష్ట్రపు అంకెల్లో పెద్దవాళ్ల సంగతి గమనించాలి. బిడ్డ లావవుతున్న ఇంట్లో తరచుగా అమ్మో నాన్నో కూడా లావుగానే ఉంటారు. ఒకే గిన్నెలో వండింది అందరూ తింటున్నారు, ఒకే సోఫాలో కూర్చుంటున్నారు. అలాంటప్పుడు ఒక్క పిల్లకే విడిగా ఉడికించిన క్యారెట్ ముక్కలు పెట్టి, మిగతావాళ్లు పకోడీలు తింటే ఆ ప్రయత్నం వారం కూడా నిలవదు.

అసలు బిడ్డ నిజంగా లావుగా ఉందా అన్నది ముందు తేల్చుకోవాలి. పెద్దలకు వాడే బీఎంఐ లెక్క ఎదిగే పిల్లలకు పనికిరాదు. వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లల కోసం పెరుగుదల పటాలు తయారుచేసింది. పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్తే ఎత్తు, బరువు కొలిచి ఆ పటం మీద చుక్క పెట్టి చూపిస్తారు. మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారినా, నెలసరి తప్పుతున్నా, నిద్రలో గట్టిగా గురకపెడుతున్నా తప్పనిసరిగా వెళ్లాలి. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, అండాశయాల్లో నీటితిత్తులు, థైరాయిడ్ లోపం వంటివి వీటి వెనక ఉండొచ్చు. బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఈ మాత్రం పరీక్షకు విజయవాడ దాకా పోనక్కర్లేదు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని సంగతి మరొకటుంది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు చాలాసార్లు బరువు తగ్గనే అక్కర్లేదు. పెరగకుండా ఆపితే చాలు. ఎత్తు పెరిగేకొద్దీ అదే బరువు సరిపోతుంది. నిజంగా తగ్గాల్సింది ఎక్కువగా పదిహేడేళ్లు వచ్చి, ఎదుగుదల దాదాపు ఆగినవాళ్లు. అదీ నెమ్మదిగా. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో తగ్గడం క్షేమమంటుంది. ఆ లెక్కన రెండు నెలల వేసవి సెలవుల్లో నాలుగు కిలోలు. ‘పది రోజుల్లో పది కిలోలు’ అన్నవాళ్ల మాట పక్కన ఈ అంకె చిన్నగా కనిపిస్తుంది కానీ, తగ్గినది తగ్గినట్టే నిలిచేది ఇదే. ఉపవాసంతో మొదటి వారంలో పోయే బరువులో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం తన బరువుకు మూడు రెట్ల నీటిని పట్టుకుని ఉంటుంది. నిల్వ కరిగితే ఆ నీరు పోతుంది, మళ్లీ నాలుగు ముద్దలు తినగానే తిరిగొస్తుంది. ఆ తర్వాత కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. ఒంట్లో లవణాల సమతూకం తప్పితే గుండె లయే దెబ్బతింటుంది.

ఎదిగే ఒంటికి ఆకలి ఎక్కువ. 16–18 ఏళ్ల అమ్మాయికి రోజుకు 2500, అబ్బాయికి 3300 కేలరీల దాకా కావాలని జాతీయ పోషకాహార సంస్థే లెక్కగట్టింది. పైగా మన రాష్ట్రంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో పదిమందిలో ఆరుగురికి రక్తహీనత ఉంది. లావుగా కనిపించే పిల్ల ఒంట్లో కూడా ఇనుము చాలకపోవచ్చు. అలాంటి పిల్లకు అన్నం తగ్గించి ఇంకేమీ పెట్టకపోతే బరువుకంటే ముందు ఓపిక తగ్గుతుంది, జుట్టు రాలుతుంది, చదివింది బుర్రకెక్కదు.

పథ్యాల విషయంలో తెలుగువాళ్లకు ఉన్నన్ని దారులు ఇంకెవరికీ లేవేమో. ఉప్పూ నూనే లేని వంటతో మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి జీవనం నేర్పించారు. ఆయన ఆశ్రమం ఉండవల్లి దగ్గర కృష్ణా కరకట్ట మీదే ఉంది. 2017–18 నాటికి వీరమాచనేని రామకృష్ణ పద్ధతి ఊరూరా పాకింది. అందులో అన్నం బంద్, కొబ్బరినూనె మాత్రం రోజూ తాగాలి. ఒకరు నూనె వద్దన్నారు, మరొకరు నూనే కావాలన్నారు. రెండు పద్ధతులతోనూ మేలు జరిగిందని చెప్పే పెద్దలు ఉన్నారు. ఎవరి అనుభవం వాళ్లది. కానీ పద్నాలుగేళ్ల పిల్లలు ఎముకా కండా కట్టుకుంటున్న దశలో ఉంటారు. ఉన్న ఒంటిని కాపాడుకునే నలభై ఏళ్లవారి పథ్యం వాళ్లకు సరిపడదు. నాన్న పథ్యం చేస్తున్నాడని కొడుకు చేత కూడా చేయించడం తప్పు. 2025లో మన దేశంలో అమ్మకానికొచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు కూడా అంతే. వాటి ప్రస్తావన డాక్టరు నోటి నుంచి రావాలి తప్ప రీల్స్ నుంచి కాదు.

మరేం తినాలి? ఇక్కడే కృష్ణా డెల్టా పిల్లలు అదృష్టవంతులు. పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ పళ్లెం ఒకటి ఉంది. ధాన్యం 250 గ్రాములు, పప్పుదినుసులు 85, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. దీన్ని మన ఇంటి పళ్లెంతో పోల్చి చూస్తే తేడా ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. అన్నం కొండలా, కూర నంజుకునేంత. ఈ రెండూ తారుమారు కావాలి. అన్నం మానక్కర్లేదు. డెల్టాలో పుట్టిన పిల్లను అన్నం మానమనడం ఎవరికీ చేతకాని పని, అవసరమూ లేదు. మూడు గరిటెలు రెండు కావాలి, బీరకాయో పొట్లకాయో తోటకూరో రెండింతలు కావాలి.

మాంసకృత్తులకు డబ్బాల్లో పొడి కొననక్కర్లేదు. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఇంకా తడి ఆరని చేలో మినుము చల్లే నేల ఇది. ఆ మినుముతో ఇడ్లీ, దిబ్బరొట్టె, పెసలతో పెసరట్టు. కైకలూరు, ముదినేపల్లి చెరువుల శీలావతి, బొచ్చె రాష్ట్రాలు దాటి పోతున్నాయి. దివిసీమ కాలవల్లో, మడల్లో దొరికే చేపలు సరేసరి. వంద గ్రాముల శీలావతిలో 16 గ్రాములకు పైగా మాంసకృత్తులుంటాయి. చిక్కంతా వండే తీరులో ఉంది. అదే చేప పులుసులో ఒకలా, నూనెలో తేలే వేపుడులో మరోలా ఒంటికి చేరుతుంది. నూనె ఒక్క గ్రాము తొమ్మిది కేలరీలు. నాలుగు పునుగుల్లో పీల్చుకున్న నూనె, మధ్యాహ్నం మానేసిన అన్నాన్ని సాయంత్రానికి తిరిగి కట్టేస్తుంది.

అందరూ మరిచిపోయేది తాగేవాటిని. మూడొందల మిల్లీలీటర్ల కూల్‌డ్రింక్‌లో ముప్పై గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. రోజు మొత్తానికి పైనుంచి వేసుకునే చక్కెర 25 గ్రాములు దాటొద్దంటున్నారు. బందరు కోనేరు సెంటర్లో బండి దగ్గర నూడుల్స్‌తో పాటు తాగిన ఒక్క సీసా ఆ హద్దు దాటిస్తుంది. సీసా బదులు మజ్జిగ తాగినా ఇంట్లో మొదటి మార్పు జరిగినట్టే. బందరు లడ్డు మాత్రం పిల్లల నోటి నుంచి లాగొద్దు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ తొక్కుడు లడ్డు పండక్కీ పబ్బానికీ ఒకటి తింటే ఎవరూ లావైపోరు. ఒక తిండిని పాపంగా చేసి చూపిస్తే పిల్లలు దాన్ని చాటుగా, ఆత్రంగా తింటారు. ఆ చాటు తిండే ప్రమాదం.

ఇక ఆట. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుడివాడ ఎన్టీఆర్ స్టేడియంలో తెల్లవారుజామున నడిచేవాళ్లలో పెద్దలే ఎక్కువ. ఆ వేళకు పిల్లలు ట్యూషన్లో ఉంటారు. ఇంటర్‌కు గూడవల్లి, పోరంకి వైపు హాస్టళ్లకు వెళ్లిన పిల్లల పరిస్థితి మరీ కష్టం. పొద్దున మొదలైన క్లాసు, స్టడీ అవర్ రాత్రి దాకా సాగుతాయి. చాలాచోట్ల మైదానమే ఉండదు. ఆ వయసుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. అది దొరక్కపోతే ఆకలిని పెంచే హార్మోను ఎక్కువై, కడుపు నిండిందని చెప్పే హార్మోను తగ్గుతుంది. హాస్టల్ నుంచి లావై వచ్చిన పిల్లవాణ్ణి తిండిపోతని తిట్టే ముందు అతని టైంటేబుల్ చూడాలి.

కుర్రాళ్లు హీరోలను చూస్తారు. గుడివాడకు దగ్గర్లోని నిమ్మకూరు మూలాలున్న జూనియర్ ఎన్టీఆర్ 2006 నాటి ‘రాఖీ’లో ఎంత లావుగా ఉన్నాడో, మరుసటి ఏడు రాజమౌళి సలహా మీద ‘యమదొంగ’కు ఎంత సన్నబడ్డాడో ఇక్కడ అందరికీ గుర్తే. అది చూసి ఉత్సాహపడటంలో తప్పులేదు. కాకపోతే తెర మీద కనిపించే ఒంటి వెనక శిక్షకులు ఉంటారు, విడిగా వండేవాళ్లు ఉంటారు, దానికే కేటాయించిన నెలలు ఉంటాయి. అమ్మాయిలు తెలుసుకోవాల్సిన ఉదాహరణ కరణం మల్లీశ్వరి. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి. 1994, 1995లో 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది 69 కిలోల విభాగంలో. ఆమె బరువు పెరిగింది, బలమూ పెరిగింది. తూకం యంత్రం చూపేది ఒక్క అంకెనే. మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, కబడ్డీలో కూత నిలుస్తోందా, రాత్రి నిద్ర పడుతోందా అన్నవి అది చెప్పలేదు. కాబట్టి రోజూ దాని మీద ఎక్కడం మానిపించి, నెలకు రెండుసార్లు చూసుకుంటే చాలు.

పిల్లల బరువును ఊరంతా తన పనిగా తీసుకున్న చోటూ ఉంది. 17వ శతాబ్దం మొదట్లో బందరులో వర్తకస్థావరం పెట్టిన డచ్చివారి ఆమ్‌స్టర్‌డామ్ నగరమే అది. 2012లో అక్కడి నగరపాలక సంస్థ పిల్లల బరువును కుటుంబాల తప్పుగా కాక నగరం బాధ్యతగా ప్రకటించింది. బళ్లలో పండ్లరసాలకు బదులు నీళ్లు, పాలు. పేదపేటల్లో తల్లులకు వంట పాఠాలు. పిల్లల ఆటలపోటీలకు ఫాస్ట్‌ఫుడ్ కంపెనీల డబ్బు వద్దన్నారు. ముందే నిద్రపుచ్చమని తల్లిదండ్రులకు చెప్పారు. 2015 నాటికి అధిక బరువున్న పిల్లల శాతం 21 నుంచి 18.5కు దిగింది.

మన దగ్గరా ఆధారాలు లేకపోలేదు. బడికి యాభై మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని దేశ ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన చేసింది. చక్కెర ఎంత తింటున్నామో చూపే బోర్డులు పెట్టాలని సీబీఎస్ఈ 2025 మేలో తన బళ్లను ఆదేశించింది. డొక్కా సీతమ్మ పేరిట ప్రభుత్వ జూనియర్ కాలేజీలకు 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం అందుతోంది. కాగితం మీదున్న నిబంధన బడి గేటు దాకా రావాలంటే మాత్రం అడిగేవాళ్లు కావాలి.

అడగాల్సింది తల్లిదండ్రులే. వచ్చే జూన్‌లో బిడ్డను బందరులోనో విజయవాడలోనో చేర్చేటప్పుడు ఫీజు, ర్యాంకులు అడిగినట్టే మూడు సంగతులు అడగండి: ఆడుకోవడానికి స్థలం ఎక్కడుంది, ఆటల పీరియడ్ రోజుకు ఎంతసేపు, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారు. సమాధానం రాకపోతే పక్క కాలేజీ చూడండి. ఇంట్లో ఈ రాత్రి నుంచే అందరి పళ్లెంలోనూ కూర పెంచండి, భోజనమయ్యాక నలుగురూ కలిసి వీధి చివరిదాకా నడిచి రండి. బిడ్డ ఒంటి గురించి చుట్టాలు నోరు జారితే అక్కడికక్కడే ఆపండి. ఆ పని బిడ్డ వల్ల కాదు, మీరే చేయాలి.