బేగంపేట దోమ - రచయిత దృక్పథం

విజ్ఞానశాస్త్ర చరిత్రను మన రచనలు తరచు వ్యక్తి చరిత్రగా కుదిస్తాయి. ఒక మేధావి, ఒక శుభఘడియ, ఒక మెరుపు - అంతటితో కథ ముగుస్తుంది. 'మలేరియా దోమ వల్ల వస్తుందని రోనాల్డ్ రాస్ బేగంపేటలో కనిపెట్టాడు' అనే వాక్యం ఇందుకు నిదర్శనం. ఇందులో ఉన్నది సగం సత్యమే.

మలేరియా రోగి రక్తంలో పరాన్నజీవిని లావెరాన్ 1880లో అల్జీరియాలో చూశాడు. దానిని మోసేది దోమేనని మాన్సన్ 1894లో ఊహించాడు. అయితే, దోమలు నీళ్ళలో చస్తాయనీ, ఆ నీళ్ళు తాగినవారికి జ్వరం సోకుతుందనీ అతడు భావించాడు. ఈ ఊహను పరీక్షించడానికి రాస్ 1895లో సికింద్రాబాదులో అటువంటి నీటిని లచ్‌మన్ అనే యువకుడిచేత తాగించాడు. ఆ దారి గమ్యం చేర్చలేదు.

రెండేళ్ళ తర్వాత, 1897 ఆగస్టులో, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించారు. కుట్టిన దోమకు ఒక అణా అతనికి ప్రతిఫలం. ఆగస్టు 20న, రెక్కలపై మచ్చలున్న ఆ దోమను కోసి చూస్తే జీర్ణాశయపు గోడలో గుండ్రటి కణాలు, వాటిలో నల్లని రేణువులు కనిపించాయి. మనిషి రక్తాన్ని తిని బతికే మలేరియా పరాన్నజీవిలో పేరుకునే రేణువులూ అవే. కనుక పరాన్నజీవి దోమలో పెరుగుతున్నదని తేలింది.

తేలింది అంతవరకే. దోమనుంచి అది తిరిగి ఎలా సోకుతుందో బేగంపేటలో తెలియలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియాపై పనిచేస్తూ, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సోకుతుందని రాస్ చూపాడు. మనుషుల మలేరియా విషయంలో అనాఫిలిస్ దోమ పాత్రను అదే ఏడాది ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. 1902లో నోబెల్ బహుమతి మాత్రం రాస్ ఒక్కడికే దక్కింది.

ఇలా అన్నంతమాత్రాన రాస్ కృషి చిన్నబోదు. వందలాది దోమలను కోసి, ఓటమిని ఓర్చి నిలిచిన శ్రమ అతనిది. కాని ఆ సూక్ష్మదర్శిని కిందికి చేరిన రక్తం హుసేన్ ఖాన్‌ది. సామ్రాజ్యపు సైనిక వైద్యానికీ పేద రోగి శరీరానికీ మధ్య సంబంధం ఏమిటో ఆ అణా లెక్కే చెబుతుంది. ఫలితాన్ని మాత్రమే గ్రహించే రచన ఆ సంబంధాన్ని మరుగుపరుస్తుంది.

ఈ గొలుసు తెగిపోలేదు. దక్షిణాసియా నగరాల నీటితొట్లలో పెరిగే అనాఫిలిస్ స్టీఫెన్సీ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబౌటీలో కనిపించింది. పిల్లలకు తొలి మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. నిల్వనీరు, ఇరుకు ఇళ్ళు, పేదరికం ఉన్నచోట టీకా ఒక్కటే చాలదు.

విజ్ఞానాన్ని వస్తువుగా స్వీకరించే రచయిత రెండు ప్రశ్నలు వేసుకోక తప్పదు: సరిగ్గా ఏది రుజువైంది? అది ఎవరెవరి శ్రమతో రుజువైంది? మొదటిది విడిచిన రచన మూఢభక్తి అవుతుంది. రెండవది విడిచినది వీరపూజ అవుతుంది.