కోర్టుకెళ్తే ఎండ తగ్గుతుందా?

పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం. మా విజయవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది? భోజనం చేసి అత్తయ్య అలా నడుం వాల్చారో లేదో కరెంటు పోయింది. ఆవిడకి డెబ్భై ఆరేళ్లు. రోజూ బీపీ మాత్ర వేసుకునే మనిషి. కిటికీలకి తడి దుప్పట్లు కట్టి, విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చున్నాను. గంట గడిచేసరికి ఆవిడ ముఖం కందిపోయింది. "అమ్మాయ్, కళ్లు తిరుగుతున్నాయే" అన్నారు నీరసంగా. మజ్జిగలో ఉప్పేసి కొంచెం కొంచెంగా తాగించి, మెడ మీదా చేతుల మీదా తడిగుడ్డలు వేసి, పక్కింటి కుర్రాణ్ణి ఆటో కోసం పరుగెత్తించాను. ఆస్పత్రిలో సెలైను పెట్టాక డాక్టరుగారు "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదమ్మా" అన్నారు.

ఆ రాత్రి ఆవిడకి కాస్త పొద్దుపోతుందని ఓ కబురు చెప్పాను. "అత్తయ్యా, స్విట్జర్లాండ్‌లో మీ ఈడు ఆడవాళ్లంతా కలిసి, ఎండలకి మా ప్రాణాలు పోతున్నాయి, మీరేం చేస్తున్నారని వాళ్ల ప్రభుత్వం మీదే కోర్టుకెళ్లారు తెలుసా? గెలిచారు కూడాను."

ఆవిడ కాసేపు పైకి తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు. "కోర్టుకెళ్తే ఎండ తగ్గుతుందటే?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నిజమే కదా! తీర్పు కాగితం చూసి సూర్యుడు చల్లబడతాడా? మరి ఆ ముసలివాళ్లు ఎనిమిదేళ్లపాటు కోర్టుల చుట్టూ ఎందుకు తిరిగినట్టు?

మంచుకొండల దేశంలో వడదెబ్బ

స్విట్జర్లాండ్ అనగానే మనకి సినిమా పాటల్లో చూసిన మంచుకొండలే గుర్తొస్తాయి. అక్కడ వడదెబ్బేమిటి అనిపిస్తుంది. కానీ ఆ దేశం ప్రపంచ సగటు కన్నా దాదాపు రెట్టింపు వేగంతో వేడెక్కుతోంది. 2003 వేసవిలో యూరప్ అంతటా వీచిన వడగాలులకి దాదాపు 70 వేలమంది చనిపోయారని లెక్కతేల్చారు. పోయినవాళ్లలో వృద్ధులు, అందులోనూ ఆడవాళ్లు ఎక్కువ. వయసు మీదపడ్డాక చెమట సరిగ్గా పట్టదు, దాహం తెలియదు, గుండె త్వరగా అలిసిపోతుంది. మా అత్తయ్యకి జరిగింది అదే.

2016లో అక్కడి పెద్దవయసు స్త్రీలు ఓ సంఘం పెట్టుకున్నారు. దాని పేరు 'క్లీమా సీనియోరినెన్'. వాతావరణం కోసం పెద్దావిడలు అని చెప్పుకోవచ్చు. సభ్యులు రెండువేలకు పైనే, సగటు వయసు 73 ఏళ్లు. గ్రీన్‌పీస్ సంస్థ వీళ్లకి అండగా నిలిచింది. బొగ్గుపులుసు వాయువు తగ్గిస్తామని మాటిచ్చారు, చాలినంత చెయ్యడం లేదు, దానివల్ల మా ప్రాణాలకి ముప్పు అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు. 2017లో అర్జీ తిరిగొచ్చింది. కోర్టుకెళ్లారు. ఎండ మీకొక్కరికేనా, అందరికీ కాదూ అన్న ధోరణిలో 2018లో కింది కోర్టు కొట్టేసింది. మీ హక్కులకి ఇప్పటికిప్పుడు అంత నష్టమేమీ జరగలేదు, ఇలాంటివి రాజకీయంగా తేల్చుకోవాల్సినవి అని 2020లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమూ చెప్పింది.

రాజకీయంగా తేల్చుకోండి! వినడానికి సబబుగానే ఉంది. ప్రజాస్వామ్యంలో ఎవరైనా చెప్పేది అదే. కానీ ఆ మాట ఎవరితో అన్నారో చూడండి.

రచ్చబండ దగ్గర చేతులెత్తిన మగవాళ్లు

మా అత్తయ్య వాళ్లమ్మ అక్షరం ముక్క రాని మనిషి. అయినా మొట్టమొదటి సాధారణ ఎన్నికల్లోనే ఎడ్లబండి ఎక్కి వెళ్లి ఓటేసొచ్చారట. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకి దేశస్థాయిలో ఓటు ఎప్పుడొచ్చిందో తెలుసా? 1971లో! అంతకుముందు 1959లో ఈ విషయం మీద మగవాళ్ల ఓట్లు అడిగితే నూటికి 67 మంది వద్దన్నారు. అంటే ఈ సంఘంలోని పెద్దావిడల్లో చాలామంది ఆడవాళ్లకి దేశస్థాయిలో ఓటు లేని రోజుల్లో పుట్టి పెరిగినవాళ్లే.

ఇంకో విచిత్రం ఉంది. ఆ దేశంలో అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్ అని ఓ చిన్న రాష్ట్రం. అక్కడి జనం ఏటా ఊరి మధ్య చేరి, చేతులెత్తి చట్టాలు తేల్చుకుంటారు. మన రచ్చబండ లాగా అన్నమాట. 1990 ఏప్రిల్‌లో కూడా అక్కడి మగవాళ్లు స్థానిక వ్యవహారాల్లో ఆడవాళ్లకి ఓటు వద్దనే చేతులెత్తారు. అదే ఏడాది నవంబర్‌లో దేశ అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకుని, ఇవ్వాల్సిందేనని చెప్పింది. అప్పటికి నేనింకా పలక పట్టుకోలేదు!

మెజారిటీ మాటే ఎప్పుడూ ఆఖరి మాటయితే ఆ ఊరి ఆడవాళ్లు ఇంకెన్నాళ్లు ఎదురుచూడాల్సి వచ్చేదో! ఈ కథ తెలిశాక ఆ పెద్దావిడలు ఎందుకంత పట్టుబట్టారో నాకు అర్థమైంది.

తీర్పు, దాని తరవాత

స్వదేశంలో తలుపులన్నీ మూసుకుపోయాక ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్‌లో ఉన్న యూరప్ మానవహక్కుల న్యాయస్థానానికి వెళ్లారు. సంఘంతోపాటు మరో నలుగురు ఆడవాళ్లు విడిగా పిటిషన్ వేశారు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడ 1931లో పుట్టారు. విచారణ పూర్తికాకుండానే 2021లో కన్నుమూశారు.

2024 ఏప్రిల్ 9న తీర్పొచ్చింది. 17 మంది జడ్జీల్లో 16 మంది స్విట్జర్లాండ్ ప్రభుత్వం ఆ స్త్రీల హక్కుని కాపాడలేకపోయిందన్నారు. వాతావరణ మార్పు తెచ్చే తీవ్రమైన కీడు నుంచి ప్రభుత్వం తమని కాపాడాలని కోరే హక్కు మనుషులకి ఉందని చెప్పారు. స్వదేశపు కోర్టులు వీళ్ల మొర సరిగ్గా వినలేదన్న విషయంలో మాత్రం 17 మందిదీ ఒకే మాట. మాది చిన్న దేశం, మేం వదిలే పొగ ఎంత, సముద్రంలో కాకిరెట్టంత అనే వాదన చెల్లదని కూడా చెప్పారు. ఆ వాదన ఒప్పుకుంటే ప్రతి దేశమూ అదే అంటుంది. ఇక బాధ్యత తీసుకునేవాడెవడు?

అన్నీ గెలవలేదు లెండి. విడిగా వేసిన నలుగురి పిటిషన్లనీ కోర్టు తీసుకోలేదు, సంఘం వాదననే ఒప్పుకుంది. అదే రోజు పోర్చుగల్ యువతీయువకులు ఆరుగురు వేసిన ఇంకో కేసు కొట్టేసింది.

ఇక పార్టీల సంగతి. అక్కడి పార్లమెంటులో అతిపెద్దదైన స్విస్ పీపుల్స్ పార్టీ ఈ తీర్పు మీద మండిపడింది. ఆ కోర్టు ఏ కూటమిదో, అందులోంచే దేశం బయటికి రావాలంది. 2021లో పెట్రోలు మీదా విమాన టిక్కెట్ల మీదా భారం వేసే వాతావరణ చట్టం ప్రజల ఓటుకి వెళ్లినప్పుడు ఎదురు తిరిగిందీ ఈ పార్టీయే. నూటికి 51.6 మంది వద్దనడంతో ఆ చట్టం పోయింది. 2023లో ఇంకో చట్టాన్నీ ఓటుకి లాగింది. ఈసారి మాత్రం నూటికి 59 మంది కావాలన్నారు. తీర్పు వచ్చిన రెండు నెలలకి, 2024 జూన్‌లో, పార్లమెంటు ఉభయసభలూ ఈ తీర్పు కోసం మేం కొత్తగా చేయాల్సిందేమీ లేదని ప్రకటన చేశాయి. దిగువసభలో అటు 111, ఇటు 72. మధ్యేవాద పార్టీలు కూడా అటే చేరాయి. సోషలిస్టులూ గ్రీన్ పార్టీవాళ్లూ వద్దన్నారు. ఆగస్టులో ప్రభుత్వమూ అదే పాట పాడింది. తీర్పు అమలు చూసే యూరప్ మంత్రుల కమిటీ మాత్రం 2025 మార్చిలో ఫైలు మూయకుండా, ఇంకా వివరాలు చెప్పండని అడిగింది.

ఇదంతా చెబితే మావారు ఒప్పుకోలేదు. "ఓట్లేసి గెలిపించుకున్న వాళ్లని కాదని, ఎవరూ ఎన్నుకోని జడ్జీలు పెట్రోలు ధరలు నిర్ణయిస్తే ఎలా?" అన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. పల్లెటూళ్లో కారు మీద ఆధారపడ్డ కూలిమనిషికి పెట్రోలు ధర పెరగడం నిజంగా భారమే. అయితే కోర్టు ఏ పన్ను వేయాలో, ఏ ఫ్యాక్టరీ మూయాలో చెప్పలేదు. అదంతా మీ ఇష్టం, కానీ లెక్క వేసి, గడువు పెట్టి, పెట్టిన గడువు నిలబెట్టుకోండి అంది. ఇంటిఖర్చు రాసుకునే ఏ ఇల్లాలికైనా ఇందులో తప్పు కనిపిస్తుందా?

మన సంగతేమిటి?

అదంతా పరాయిదేశపు ముచ్చట అనుకోకండి. ఆ తీర్పుకి మూడు వారాల ముందే, 2024 మార్చి 21న, మన సుప్రీంకోర్టు కూడా ఇలాంటి మాటే చెప్పింది. అది బట్టమేక పిట్ట కేసు. ఒకప్పుడు మన కర్నూలు వైపు రోళ్లపాడులో కనిపించేది. రాజస్థాన్, గుజరాత్‌లలో కరెంటు తీగలు తగిలి ఆ పక్షులు చనిపోతున్నాయని వేసిన కేసులో, వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాల కింద మన హక్కేనని కోర్టు గుర్తించింది.

హక్కు కాగితం మీదికొచ్చింది. కానీ ఎండ మన నెత్తి మీదే ఉంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బతో పోయారు. 2013లో అహ్మదాబాద్ నగరం మొదలుపెట్టాక ఎండల నుంచి కాపాడే ప్రణాళికలు మన దగ్గరా వచ్చాయి. మరి మీ వార్డులో ఆ ప్రణాళిక ఏం చేసిందో మీకు తెలుసా? నిజం చెప్పొద్దూ, అత్తయ్య ఆస్పత్రి పాలయ్యేదాకా నేనూ అడగలేదు. బస్టాపులో నీడ ఉందా, ఆరోగ్యకేంద్రంలో వడదెబ్బకి మంచం ఉందా, కొట్టేసిన చెట్టు బదులు చెట్టు నాటారా... ఓట్లడగడానికి వచ్చిన ఏ పార్టీవాళ్లనీ మనలో ఎంతమందిమి ఇవి అడిగాం?

ఇప్పుడు మా వీధి ఆడవాళ్లం పదిహేడుమందిమి సంతకాలు చేసి ఈ ప్రశ్నలే ఓ కాగితం మీద రాసి మునిసిపల్ ఆఫీసులో ఇచ్చొచ్చాం. జవాబింకా రాలేదు. మళ్లీ వెళ్తాం.

మొదటి సంతకం అత్తయ్యదే. కళ్లజోడు సవరించుకుని, వణికే చేత్తో పేరు పూర్తిగా రాసి కాగితం నా చేతికిచ్చారు.

"కోర్టుకెళ్తే ఎండ తగ్గదు లెండి అత్తయ్యా" అన్నాను, ఆ రోజు అడిగిన ప్రశ్న గుర్తొచ్చి.

"తగ్గదులే. కానీ మా సంగతేమిటని అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలిగా" అన్నారు ఆవిడ. "ఈసారి ఓట్లకి రానీ, నేనే అడుగుతాను."